వార్డులో చేతులు వణుకుతుంటే...

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ రెండో ఏడాది. మెడికల్ వార్డులో పోస్టింగు వేశారు. ల్యాబ్‌లో బొమ్మ మీద చక్కగా చేసినవి కూడా పేషెంటు దగ్గరికి వెళ్లేసరికి మర్చిపోతున్నాను. డ్రిప్ చుక్కల లెక్క తప్పుతుందేమోనని కంగారు. సిస్టర్‌ని అడిగితే కసురుతారని భయం. ఈమధ్య డ్యూటీ అంటేనే ఏడుపొస్తోంది. మానేయనా?
– ఓ విద్యార్థిని, ఒంగోలు

జవాబు: ఆ నిర్ణయం ఇప్పుడే వద్దు. బొమ్మకు నొప్పి ఉండదు, పక్కన బంధువులు నిలబడి చూడరు. పేషెంటు దగ్గర తడబడటం చేతకానితనం కాదు. ట్రే సర్దుకుంటున్నప్పుడే చేయాల్సినవన్నీ వరసగా మనసులో చెప్పుకోండి. దూదో ప్లాస్టరో మర్చిపోయి మధ్యలో పరుగెత్తితే కంగారు రెట్టింపవుతుంది.

డ్రిప్‌కు ముందు సెట్టు (సెలైన్ ఎక్కించే గొట్టం) ప్యాకెట్ చూడండి. మిల్లీలీటరుకు ఎన్ని చుక్కలో దానిమీదే ఉంటుంది. మామూలు సెట్టుకు ఎక్కువగా 20, చిన్న చుక్కలు పడే మైక్రో సెట్టుకు 60. 500 మి.లీ. సెలైన్ 4 గంటల్లో ఎక్కాలంటే 500ని 20తో హెచ్చించి 240 నిమిషాలతో భాగించండి. నిమిషానికి దాదాపు 42 చుక్కలు. అదే 42 మైక్రో సెట్టులో పెడితే ఎక్కాల్సిన దాంట్లో మూడో వంతే ఎక్కుతుంది. వాచీ చూస్తూ నిండు నిమిషం లెక్కపెట్టండి. పావుగంటకు మళ్లీ చూడండి. పేషెంటు చెయ్యి మడిచినా, మంచం ఎత్తు మార్చినా వేగం మారిపోతుంది.

‘ఏం చేయాలి సిస్టర్?’ అంటే పని ఒత్తిడిలో విసుక్కోవచ్చు. ‘సిస్టర్, ఆరో బెడ్‌కు 42 వచ్చింది, ఒకసారి చూస్తారా?’ అనండి. అర నిమిషం పని. ఎంత కసిరినా సరే, చూపించకుండా మాత్రం డ్రిప్ వేగం మార్చకండి.

పొద్దున టిఫిన్ మానేయొద్దు. ఖాళీ కడుపుతో నిలబడి డ్రెస్సింగ్ చూస్తే కళ్లు తిరుగుతాయి.

ఇక ఏడుపు సంగతి. రెండు రోజులు సెలవు దొరికాక తేలికపడితే అది అలసటే. విశ్రాంతి తీసుకున్నా ఒంట్లో సత్తువ లేకపోవడం, పేషెంటు మూలుగుతున్నా ఏమీ అనిపించకపోవడం, ఏం చేసినా దండగనిపించడం బర్నవుట్ గుర్తులు. మీ ట్యూటర్‌కు చెప్పి, పోస్టింగులో కాస్త వెసులుబాటు అడగండి. ఏడుపు, నిద్రలేమి రెండు వారాలు దాటితే డాక్టరును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు కాదు, ఒక్క పూట కూడా ఆగకండి.

ప్రశ్న: వాడిన సూది గుచ్చుకుంది. చెబితే తిడతారని ఊరుకున్నాను. ఫర్వాలేదా?
– జీఎన్ఎం విద్యార్థిని, నల్గొండ

జవాబు: ఊరుకోకూడదు, ఇప్పుడే చెప్పండి. గుచ్చుకోగానే సబ్బుతో, పారే నీళ్లతో కడగాలి. పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు రెండు గంటల్లోపు మొదలైతే మేలు, 72 గంటలు దాటితే పనిచేయవు. డాక్టరు మొదలుపెడితే 28 రోజులు వాడాలి. హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ పూర్తయ్యాయో లేదో కూడా డాక్టరుకు చెప్పండి.