రంగం వెళ్ళిన మీ ముత్తాత గురించి

చిరంజీవి అమ్మాయికి,
మాస్టారి ఆశీస్సులు.

నీ నవల మూడు అధ్యాయాలూ చదివాను. మీ ముత్తాత కాకినాడలో ఓడెక్కి రంగం, అదే బర్మా, వెళ్ళడం బాగా వచ్చింది. కానీ రంగూన్‌లో దిగీదిగగానే ఆయన్ను బియ్యం మిల్లులో మేస్త్రీని చేసేశావు. ఆ సంగతి నీకెవరు చెప్పారు?

నా మొదటి నవల్లో నేనూ మా తాతను మేస్త్రీ అనే రాశాను. ఇంట్లో అందరూ అలాగే చెప్పుకునేవారు. అచ్చయ్యాక మా పెద్దత్తకు చదివి వినిపిస్తే, ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా నాన్న మేస్త్రీ కాదురా, మేస్త్రీకి బాకీ పడ్డవాడు" అంది. అప్పట్లో మేస్త్రీలు అడ్వాన్సులిచ్చి ఊళ్ళనుంచి కూలీలను తీసుకెళ్ళి, ఆ బాకీ కూలిలో పట్టుకునేవారు. తాత బస్తాలు మోశాడట. కుడి భుజం మీద కాయ కాసి, ముసలితనంలో కూడా ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోయేవాడట. అత్త తన భుజం మీద వేలు పెట్టి చోటు చూపించింది. మేస్త్రీ మనవణ్ణనుకుంటూ అన్నేళ్ళు బతికాను. నా నవల్లో ఆ కాయ లేదు. ఆ బాధ నాకింకా తీరలేదు.

మీ అమ్మమ్మను అడుగు. సంవత్సరాలు అడగకు, పెద్దవాళ్ళకు అంకెలు గుర్తుండవు. రంగూన్ మీద జపాన్ బాంబులు పడింది 1941 డిసెంబర్ 23న, ఆ తర్వాతే మనవాళ్ళు నడిచి పారిపోయి వచ్చారు. "మీ నాన్న నడిచి ఇల్లు చేరినప్పుడు ఊళ్ళో ఊడ్పులా, కోతలా?" అని అడుగు, నెల తేలిపోతుంది. 1942లో వచ్చినవాళ్ళు కొందరు టాంగుప్ కనుమ దాటి అరకాన్ తీరం వెంట, కొందరు సరిహద్దు ఊరు టము మీదుగా మణిపూర్‌కి వచ్చారు. ఇంట్లో చిట్టగాంగ్ అనే మాట వినిపిస్తే మొదటిది, ఇంఫాల్ అంటే రెండోది అనుకోవచ్చు. దారి తెలియకుండా ఆ అధ్యాయం ముట్టుకోకు. వీలైతే విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపుకి వెళ్ళు. 1960ల్లో తిరిగొచ్చినవాళ్ళ కుటుంబాలు అక్కడున్నాయి.

ఇంకొకటి. ఆయనకు అక్కడ బర్మా భార్య ఉండేదని అమ్మమ్మ ఒకసారి నోరుజారిందనీ, అది నవల్లో వద్దనుకుంటున్నాననీ రాశావు. వద్దనుకోకమ్మా. నువ్వెవరివో వెతుక్కుంటూ బయల్దేరి, ఆవిణ్ణి దాటేసి ఎలా వెళ్తావు? పేరు దొరక్కపోతే పేరు లేకుండానే రాయి. వెతికావనీ దొరకలేదనీ కథ చెప్పే అమ్మాయి చేతే చెప్పించు. వాళ్ళిద్దరూ ఏం వండుకున్నారో, ఏ భాషలో పోట్లాడుకున్నారో ఊహించు, తప్పులేదు. నవల అందుకే ఉంది. ఆయన స్థాయి మాత్రం ఊహించి పెంచకు.

నాలుగో అధ్యాయం మొదలుపెట్టేలోపే అమ్మమ్మ దగ్గరికి వెళ్ళు. మొదటిరోజు ఫోన్‌లో రికార్డింగ్ పెట్టకు, ఆవిడకు టెన్షన్. పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఉండు. ఎనభై తొమ్మిదేళ్ళ మనిషి, మధ్యాహ్నం పడుకుని లేచాక అడిగితే ఓపిగ్గా చెబుతుంది.

ఇట్లు,
మీ మాస్టారు