అమెరికాలో సిటీ మేనేజర్ అంటే మేయరేనా? ఆ పదవిలో పేరున్న మహిళలు ఎవరైనా ఉన్నారా?

కాదు. మేయరూ కౌన్సిలూ ఎన్నికవుతారు. చాలా నగరాల్లో రోజువారీ పాలనకు వాళ్లు ఒక మేనేజరును నియమించుకుంటారు. మన మున్సిపల్ కమిషనర్ లాంటి పదవే అనుకోండి, కాకపోతే కమిషనరును పంపేది రాష్ట్ర ప్రభుత్వం, అక్కడ మేనేజరును పెట్టేదీ తీసేసేదీ కౌన్సిలే.

మహిళల్లో షెరిల్ స్కల్లీ గురించి చెప్పుకోవాలి. మిషిగన్‌లోని కాలమజూ అనే చిన్న ఊరికి మేనేజరుగా చేసి, ఫీనిక్స్‌లో ఏళ్ల తరబడి ఉన్నతాధికారిగా పనిచేసి, 2005లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోకు సిటీ మేనేజరుగా వచ్చారు. ఆమె హయాంలో నగరానికి అత్యున్నత ఏఏఏ రుణ రేటింగ్ వచ్చింది. 2017లో 85 కోట్ల డాలర్ల బాండ్లకు, అంటే నగరం చేసే అప్పుకు, ఓటర్లు సరేనన్నారు.

గొడవంతా పోలీసు, అగ్నిమాపక యూనియన్లతోనే. వాళ్ల ఆరోగ్య బీమా ఖర్చు బడ్జెట్‌ను మింగేస్తోందని ఆమె పట్టుబట్టారు. ఫైర్ యూనియన్ సంతకాలు సేకరించి మేనేజరు పదవీకాలం, జీతం విషయాన్ని బ్యాలెట్ దాకా తీసుకెళ్లింది. 2018 నవంబరులో ఓటర్లు మేనేజరు పదవికి 8 ఏళ్ల పరిమితి పెట్టారు. జీతం అతి తక్కువ జీతమున్న పూర్తికాల ఉద్యోగికి పది రెట్లు మించకూడదన్నారు. ఈ నియమాలు తర్వాత వచ్చే మేనేజరుకే అన్నారు (2024లో ఓటర్లే వీటిని ఎత్తేశారు). అయినా అదే నెలలో ఆమె రిటైర్మెంట్ ప్రకటించారు. జీతం మీద కోపం కొంత న్యాయమే అనిపిస్తుంది కానీ, పదవీకాలం కత్తిరించడం మాత్రం కక్షే అని నా అభిప్రాయం.