పూరేడుకు పిరికితనం ఎక్కడిది?

సందేహం: ఒక ఇంగ్లిష్ నవలను తెలుగు చేస్తున్నాను. అందులో యుద్ధానికి వెళ్లిన కుర్రాడి గురించి చెబుతూ 'హిజ్ హార్ట్ క్వెయిల్డ్' అని రాశారు. క్వెయిల్ అంటే పిట్ట అని మాత్రమే నాకు తెలుసు. నిఘంటువు తీస్తే జంకు, అధైర్యపడు అనే అర్థాలు కూడా కనబడ్డాయి. ఆ పిట్ట అలికిడి వినగానే గడ్డిలో నక్కి కూర్చుంటుంది కాబట్టి దాని పేరే భయానికి క్రియ అయిందని మా మిత్రుడొకరు అంటున్నారు. నిజమేనా? నవలలో ఈ పిట్ట కూడా ఒకచోట వస్తుంది. పేపర్లలో కౌజు పిట్ట అంటున్నారు, కొందరు కంజు అంటున్నారు, తెలుగు బైబిల్లో పూరేడు అని ఉంది. ఏది రాయాలి?

సమాధానం: మీ మిత్రుడి ఊహ ముచ్చటగానే ఉంది కానీ నిజం కాదు. పిట్ట పేరు, క్రియ రెండూ వేర్వేరు దారుల్లో ఇంగ్లిష్‌లోకి వచ్చాయి. ఉచ్చారణ, వర్ణక్రమం ఒకటి కావడంతో చుట్టాల్లా కనిపిస్తున్నాయి, అంతే.

ఊహ తప్పయినా ఆయన్ని తప్పుపట్టలేం. ఇంగ్లిష్‌లో పక్షికీ క్రియకూ నిజంగానే బంధుత్వం ఉన్న సందర్భాలున్నాయి. మెడ సాచి చూడడాన్ని 'క్రేన్' అంటారు. అది క్రేన్ అనే పొడుగు మెడ పక్షి నుంచే వచ్చింది. బరువులెత్తే యంత్రానికీ ఆ పేరు ఆ మెడ వల్లనే. 'డక్' విషయంలో వరస తిరగబడింది. నీళ్లలో మునగడం అనే క్రియ ముందు, మునిగే పక్షి కాబట్టి బాతుకు ఆ పేరు తర్వాత. ఇక 'స్వాలో' అంటే ఒక పిట్టా ఉంది, మింగడం అనే క్రియా ఉంది. పాత ఇంగ్లిష్‌లో ఈ రెంటికీ వేర్వేరు రూపాలుండేవి, కాలక్రమంలో అరిగి అరిగి ఒకేలా తయారయ్యాయి. క్వెయిల్ ఈ స్వాలో బాపతు.

మన భాషలోనే చూడండి. మజ్జిగ చిలకడానికీ పంజరంలోని చిలకకూ ఎవరూ చుట్టరికం కలపరు. గోడకున్న చిలక్కొయ్యకు మాత్రం ఆ పేరు పిట్ట వల్లే వచ్చింది, చిలక ఆకారంలో చెక్కిన కొయ్య కాబట్టి. ఒకేలా వినబడే మాటల్లో ఏది చిలక్కొయ్యో ఏది మజ్జిగ చిలకడమో తేల్చాలంటే చెవి చాలదు, మాట పాత రూపాలు, పాత అర్థాలు వెదకాలి.

ముందు పిట్ట సంగతి. ఈ పేరు ఇంగ్లిష్‌లో 14వ శతాబ్దం చివరి నుంచి కనబడుతుంది. పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. దాని వెనక మధ్యయుగపు లాటిన్ మాట 'క్వాక్యులా' ఉంది. జర్మన్‌లో ఈ పిట్ట 'వాఖ్టెల్'. ఇవన్నీ పిట్ట కూతను పట్టుకుని పెట్టిన పేర్లే అని పండితుల అభిప్రాయం. కా కా అనేది కాకి అయినట్టే ఇదీనూ. ఇందులో భయం ఊసే లేదు.

క్రియ కథ ఇంత తేలిగ్గా తెగదు. రెండు వాదాలున్నాయి. మొదటిది, మధ్యయుగపు డచ్చిలో బాధపడడం, జబ్బుతో తీసుకోవడం అనే అర్థమున్న 'క్వేలెన్' నుంచి వచ్చిందని. జర్మన్‌లో ఇప్పటికీ 'క్వాల్' అంటే యాతన. ఇంగ్లిష్‌లో అణచివేయడం అనే అర్థంలో వాడే 'క్వెల్' కూడా ఈ కుటుంబానిదే. పాత ఇంగ్లిష్‌లో దాని అర్థం చంపడం. రెండో వాదం పాలగిన్నెలోంచి వచ్చింది. గడ్డకట్టడం, విరగడం అనే అర్థమున్న లాటిన్ క్రియ ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చి 'క్వెయిల్' అయింది. ఒకప్పుడు ఇంగ్లిష్‌లో పాలు కూడా క్వెయిల్ అయ్యేవి! ఆ అర్థం తర్వాత పోయింది. పాలు విరిగినట్టు ధైర్యం విరిగిందనే భావంతో జంకు అనే అర్థం పుట్టిందని ఈ వాదం చేసేవాళ్లు అంటారు.

ఒక తమాషా చెప్పాలి. నేటి ఫ్రెంచిలో ఈ పిట్టను 'కాయ్' అంటారు. పాలు విరుగుతున్నాయి అనడానికి వాడే క్రియారూపం కూడా 'కాయ్'. వర్ణక్రమంలో కూడా తేడా లేదు. అంటే ఇంగ్లిష్‌వాళ్లకు వచ్చిన చిక్కే ఫ్రెంచివాళ్లకూ ఉంది. అక్కడా ఈ రెంటికీ సంబంధం లేదు.

ఈ రెండు వాదాల్లో ఏది సరైనదో నిఘంటుకారులే తేల్చలేదు. నా మొగ్గు మొదటిదాని వైపు. కారణం అర్థాల వరస. 15వ శతాబ్దంలో ఈ క్రియకు నీరసించడం, వాడిపోవడం, విఫలం కావడం అనే అర్థాలున్నాయి. మనిషి గుండె జంకడం అనే అర్థం 16వ శతాబ్దం నడిమికి గానీ రాలేదు. మీ మిత్రుడి వాదం నిలవకపోవడానికి కూడా ఇదే ముఖ్య కారణం. పిట్టను చూసి పుట్టిన క్రియ అయితే మొదటి అర్థం నక్కడమో, ఒదిగి కూర్చోవడమో కావాలి కదా? అలాంటిదేమీ లేదు. ముందు ఒంట్లో సత్తువ పోయింది, ఆ తర్వాతే గుండెలో ధైర్యం పోయింది.

షేక్‌స్పియర్ కాలానికి ఈ క్రియకు ఎదుటివాణ్ణి నాశనం చేయడం అనే అర్థం కూడా ఉంది. 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' చివరి అంకంలో బాటమ్ అనే నేతగాడు ఒక వేషం కట్టి విధిదేవతలను పిలుస్తూ, క్వెయిల్ చేయండి, నలిపేయండి, ముగించండి, క్వెల్ చేయండి అని గోల పెడతాడు. క్వెయిల్, క్వెల్ ఒకే పాదంలో ఇటొకటి అటొకటి ఉన్నాయి. 17వ శతాబ్దం నడిమి తర్వాత ఈ క్రియ వాడుక బాగా తగ్గిపోయింది. 19వ శతాబ్దంలో వాల్టర్ స్కాట్ చేతిలో మళ్లీ ప్రాణం పోసుకుందని ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు అభిప్రాయం. ఈనాటికీ దానికి కాస్త పుస్తకాల వాసన అందుకే. మాటల్లో ఎవరూ పెద్దగా వాడరు. అనువాదంలో ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పిట్ట తరఫున కూడా ఒక మాట చెప్పాలి. అది గడ్డిలో నక్కి, కాలు మీద పడేదాకా కదలకుండా ఉండి, చివరి క్షణంలో బుర్రుమని లేస్తుంది. నిజమే. కానీ మనుషులు దాన్ని పిరికిదిగా ఎంచలేదు సరికదా, పందేలకు పెంచారు. షేక్‌స్పియర్ 'ఆంటోనీ అండ్ క్లియోపాత్రా' నాటకంలో ఆంటోనీ తన ప్రత్యర్థి సీజర్ క్వెయిల్ పిట్టలు తన పిట్టలను ఎప్పుడూ ఓడిస్తున్నాయని వాపోతాడు. లక్నో నవాబుల బటేర్ పందేలు ఎంత పేరుపడ్డాయో తెలిసిందే. బటేర్ అంటే ఈ పిట్టే.

సంస్కృతంలో దీని పేరు వర్తకం, ఆడుపక్షి వర్తిక. లావం, లావకం అనేవి దీని జాతిలో మరో చిన్న పిట్టకు పేర్లు. ఋగ్వేదంలో అశ్వినీదేవతలు తోడేలు నోటి నుంచి వర్తికను విడిపించారని చాలాచోట్ల వస్తుంది. వేదపదాలకు అర్థాలు వివరించిన యాస్కుడు దాన్ని అలా పిట్టగా వదిలిపెట్టక, తోడేలంటే సూర్యుడు, వర్తిక అంటే ఉషస్సు అని వ్యాఖ్యానించాడు. గ్రీకులో ఈ పిట్ట పేరు 'ఓర్టుక్స్'. ముందున్న వకారం పోయిన రూపమది. సంస్కృత వర్తకానికీ దానికీ చుట్టరికం ఉందని భాషాశాస్త్రజ్ఞులు ఒప్పుకుంటారు. పాళీలో వట్టక. ఐకమత్యంతో వల ఎత్తుకుపోయిన పక్షుల కథ మనకు పంచతంత్రంలో చిత్రగ్రీవుడి పావురాల కథగా తెలుసు. జాతక కథల్లో ఆ పక్షులు పావురాలు కావు, వట్టకాలు.

తెలుగులో వర్తకం అనగానే ఎవరికైనా వ్యాపారమే తోస్తుంది. 'వర్తకములు ఎగిరినవి' అని పాత శైలిలో రాస్తే వ్యాపారాలు దివాలా తీశాయనుకుంటారు. కాబట్టి ఆ మాటను పండిత వ్యాసాలకు వదిలేయండి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. నా ఓటు పూరేడుకే. నికార్సయిన తెలుగు మాట. తమిళంలో పూఴ్, కుఱుంపూఴ్ అనే పాత పేర్లున్నాయి, పోలిక చూడండి. బహువచనం పూరేళ్లు. గూడు గూళ్లు అయినట్టే. పూరేడులు అని రాయకండి. తెలుగు బైబిల్లో ఇశ్రాయేలీయుల పాళెం మీద వచ్చి వాలినవి పూరేళ్లే. ఆ అనువాదకులు మంచి మాట ఎన్నుకున్నారు. మధ్యధరా సముద్రం దాటి గుంపులుగా వలసపోయే పక్షి అది. అలాంటి కథలో ఈ పిట్ట ఉండడం ప్రకృతికీ సరిపోతుంది.

కౌజు వేరు. పాత నిఘంటువుల్లో కౌజు, కవుజు అంటే కపింజలం, ఇంగ్లిష్‌లో పార్ట్రిడ్జ్ అనే పక్షి. పూరేడు సుమారు 18 సెంటీమీటర్ల పిట్ట, కౌజు 30 దాకా ఉంటుంది. మరి పేపర్లలో పూరేడు కౌజు ఎలా అయింది? 1970లలో జపాన్ క్వెయిల్ మన దేశానికి ఫారాల్లో పెంచడానికి వచ్చింది. పూరేడు అనే మాట అప్పటికే చాలామంది నోట తగ్గిపోయింది. కొత్త పిట్టకు, బాగా వినబడే పాత పేరు తగిలించారు. కౌజు, కంజు అనే రెండు రూపాలూ అలా చలామణిలోకి వచ్చాయి. కౌజు పిట్టల పెంపకం అనే మాట ఇప్పుడు రైతులందరి నోటా ఉంది. దాన్ని తప్పు అని కొట్టేయడం నాకు ఇష్టం లేదు. జనం వాడే మాట జనానిదే. అయితే మీ నవలలోది ఫారం పిట్ట కాదు, పొలం గట్టున ఎగిరే పిట్ట. పైగా వేటల ప్రస్తావన ఉన్న ఇంగ్లిష్ నవలల్లో క్వెయిల్, పార్ట్రిడ్జ్ రెండూ ఒకే పేజీలో వస్తాయి. అప్పుడు రెంటినీ కౌజు అంటే ఇరుక్కుంటారు. పూరేడు, కౌజు అని విడివిడిగా రాస్తే చిక్కు లేదు. పాఠకుడికి తెలియదేమో అన్న అనుమానముంటే మొదటిసారి పూరేడు పిట్ట అనండి, చాలు.

తిత్తిరి గురించి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే ఈ గుంపులో అందరూ తడబడేది అక్కడే. తిత్తిరి అంటే కౌజు జాతి పక్షి. యాజ్ఞవల్క్యుడు వదిలిన యజుర్వేదాన్ని తోటి శిష్యులు తిత్తిరి పక్షులై ఏరుకున్నారని కథ, తైత్తిరీయం అనే పేరుకు దాన్నే కారణంగా చెబుతారు. తీతువు వేరే పక్షి, సంస్కృతంలో టిట్టిభం. రాత్రిళ్లు అరుస్తుందే, అది. పేర్లు దగ్గరగా వినిపించడంతో తిత్తిరిని తీతువు అని అనువదించినవాళ్లను చూశాను. అమరకోశంలో తిత్తిరి, లావం, టిట్టిభం, వర్తకం ఒకదాని వెనక ఒకటి వస్తాయి. అన్నీ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి అన్నీ ఒకటే అనుకోకూడదు.

ఇక క్రియకు తెలుగు. క్వెయిల్‌లో ఉన్నది పెద్ద భయం కాదు. నిలబడ్డవాడి లోపల ఒక్క క్షణం సత్తువ జారిపోవడం. అందుకని హడలిపోయాడు, గడగడలాడాడు అని రాస్తే ఎక్కువైపోతుంది. వెనకాడాడు అంటే తక్కువ. భయం లేకుండా కూడా వెనకాడవచ్చు, డబ్బు ఖర్చుకు వెనకాడినట్టు. బెదిరాడు అంటే పశువు బెదిరినట్టు ఒంటి కదలిక ఉంటుంది. దడుచుకున్నాడు అంటే చీకటి, దయ్యం గుర్తొస్తాయి. దగ్గరగా ఉన్నది జంకు. పై అధికారి చూపుకు, గట్టిగా అడిగిన ప్రశ్నకు జంకుతాం. ఇంగ్లిష్‌లో క్వెయిల్ వాడే చోట్లు సరిగ్గా అవే.

కర్త మనిషి కాక గుండె అయినప్పుడు మాత్రం జంకు అంతగా అతకదు. అక్కడ తెలుగు గుండెకు దాని సొంత క్రియలున్నాయి. గుండె జారింది, గుండె నీరైంది. మనిషయితే జావగారిపోయాడు, నీరుగారిపోయాడు, డీలాపడ్డాడు. ఇక్కడో సంగతి గమనించారా? ఇంగ్లిష్‌లో భయానికి రక్తం గడ్డకడుతుంది. తెలుగులో భయం మనిషిని కరిగిస్తుంది. పాలు విరగడాన్ని మనమూ మనసుకు వాడతాం కానీ అది భయానికి కాదు. మనసు విరిగింది అంటే ఇష్టం పోయిందని. కాబట్టి ఆ రెండో వాదాన్ని నమ్మి, విరగడం అనే పోలికను అనువాదంలోకి తెస్తే అర్థం మారిపోతుంది.

మీ వాక్యానికి 'వాడి గుండె జారింది' చాలు. ముందువెనకలు చూసి మరీ పలచగా అనిపిస్తే 'లోపల ఎక్కడో ధైర్యం జారిపోయింది' అనవచ్చు. వ్యతిరేకార్థంలో వచ్చినప్పుడు, అంటే వాడు క్వెయిల్ కాలేదు అన్నప్పుడు, జంకలేదు అని ముక్తసరిగా రాయడం ఒక పద్ధతి. జంకూ గొంకూ లేకుండా నిలబడ్డాడు, తొణకలేదు బెణకలేదు అనేవి ఇంకా నిండుగా ఉంటాయి. రచయిత గనక పిట్టనూ క్రియనూ కలిపి ఎక్కడైనా శ్లేష ఆడి ఉంటే దాన్ని వదిలేయండి. పూరేడుతో తెలుగులో ఆ ఆట కుదరదు. అధోజ్ఞాపిక పెట్టి వివరించిన శ్లేషకు ఎవరూ నవ్వరు.