కాలాన్ని మైక్రాన్లలో కొలిచి రాయడం

చిరంజీవికి ఆశీస్సులు.

అధికశక్తి లేజర్లలో అతిస్వల్ప పల్సులను, అంటే క్షణికమైన కాంతి తునకలను, ఒకే క్షణానికి కలపడం గురించి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేజీలోనే ఫెమ్టోసెకనును "రెప్పపాటులో కోటానుకోట్ల వంతు" అన్నావు. తప్పని అనను గాని, ఆ మాట వల్ల పాఠకుడి చేతికి చిక్కేదేమీ లేదు. ఔరా అనుకుని ముందుకు సాగిపోతాడు. నేను నీకు చెప్పదలచినది ఒక్కటే: కాలాన్ని పొడవుగా మార్చి రాయి. కాంతి ఒక ఫెమ్టోసెకనులో 0.3 మైక్రాన్లు పోతుంది; మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కాబట్టి 30 ఫెమ్టోసెకన్ల పల్సు అంటే గాలిలో దాదాపు 9 మైక్రాన్ల మందం ఉన్న కాంతి పలక. తల వెంట్రుక దానికంటే ఎన్నో రెట్లు లావు. అటువంటి రెండు పలకలు వేర్వేరు దారుల్లో పదుల మీటర్లు తిరిగి వచ్చి ఒక చిన్న స్ఫటికంలో ఒకదాని మీద ఒకటి పడాలని చెప్పావంటే, చిక్కు ఎక్కడుందో వేరే వివరించనక్కరలేదు.

ఆ తరువాత అవి కలవకుండా తప్పిపోయే కారణాలు వాటంతట అవే వరుస కడతాయి. మీటరు పొడవున్న అల్యూమినియం దిమ్మె ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 23 మైక్రాన్లు సాగుతుంది. దాని రెండు కొసల మీద బిగించిన అద్దాల మధ్య ప్రయాణించే కాంతికి అది 77 ఫెమ్టోసెకన్ల ఆలస్యం. గాలిదీ అదే వరస. ఒక డిగ్రీ తేడాకు దాని వక్రీభవన గుణకం, అంటే అది కాంతిని ఎంత నెమ్మదింపజేస్తుందో చెప్పే అంకె, పది లక్షల్లో ఒక వంతు మారుతుంది, అంటే పది మీటర్ల దారిలో 10 మైక్రాన్లు. చాలాకాలం కిందట ఒక ప్రయోగశాలలో నాకు చూపించడానికని కిరణం వెళ్లే దారి మీది మూత తీశారు. అంతవరకు నిలకడగా ఉన్న తెరమీది గీత మెల్లగా పక్కకు జరగసాగింది. మూత పెట్టాక కూడా చాలాసేపటికి గాని కుదురుకోలేదు. ఆ సంగతి రాసిన నా వ్యాసమంతటిలో పాఠకులు గుర్తుపెట్టుకున్నది ఆ మూత ఒక్కటే.

రెండో పేజీలో ఒక లెక్క తప్పింది. డిలే స్టేజిని, అంటే కాంతి దారిని పెంచి తగ్గించే, అద్దం బిగించిన జరుగుడు పీటను, 15 మైక్రాన్లు జరిపితే 50 ఫెమ్టోసెకన్లు మారుతుందన్నావు. అక్కడ కాంతి అద్దం దాకా వెళ్లి తిరిగి వస్తుంది కనుక దారి 30 మైక్రాన్లు పెరిగి, తేడా 100 ఫెమ్టోసెకన్లు అవుతుంది. మొదటిసారి అందరూ ఇక్కడే జారతారు, నేనూ జారాను. ఆ స్టేజి దగ్గరే ఇంకాస్త సేపు నిలబడు. 800 నానోమీటర్ల కిరణాలు రెండు స్ఫటికంలో ఏటవాలుగా కలుస్తాయి; స్క్రూ తిప్పుతూ పోతే, రెండు పల్సులూ ఒకేసారి చేరిన చోట మాత్రమే ఆ రెంటి మధ్య నీలిరంగు చుక్క మెరుస్తుంది, ఇంకొంచెం తిప్పితే ఆరిపోతుంది. కాంతిని విద్యుత్తుగా మార్చి కొలిచే ఫోటోడయోడ్ ఇంత సన్నని తేడాను పసిగట్టలేదు కాబట్టి కాంతిని కాంతితోనే కొలుస్తున్నారన్న సంగతి ఆ చుక్కే చెబుతుంది.

1985లో రోచెస్టర్‌లో భౌతిక శాస్త్రవేత్తలు డొనా స్ట్రిక్లాండ్, జెరార్డ్ మూరూ పల్సును సాగదీసి, బలపరచి, తిరిగి కుదించిన కథకు, వారికి దక్కిన 2018 నోబెల్‌కు రెండు పేరాలు ఖర్చు చేశావు. రెండు వాక్యాలు చాలు. మిగిలిన చోటును నువ్వు ఒక్క మాటతో దాటేసిన పంప్ పల్సుకు, అంటే బలపరచే స్ఫటికానికి శక్తినిచ్చే మరో లేజర్ పల్సుకు, ఇవ్వు. టైటానియం సఫైర్ స్ఫటికం తనలో నింపిన శక్తిని సుమారు మూడు మైక్రోసెకన్లు, అంటే మూడు వేల నానోసెకన్లు, దాచుకుంటుంది కనుక, పంప్ పల్సు కొన్ని నానోసెకన్లు అటూఇటూ అయినా పెద్ద నష్టం లేదు. పంప్ కాంతి శక్తిని నేరుగా, అప్పటికప్పుడే పల్సుకు మళ్లించే పారామెట్రిక్ పద్ధతిలో స్ఫటికం దేనినీ దాచుకోదు. పంప్ పల్సు ఉన్నంతసేపే బలం అందుతుంది. సాగదీసిన పల్సులో ఒక్కో రంగు ఒక్కో క్షణంలో వస్తుంది కాబట్టి, పంప్ పల్సు కాస్త ఆలస్యమైతే ముందొచ్చిన రంగులు బలం అందుకోకుండానే వెళ్లిపోతాయి, వర్ణపటం ఇరుకవుతుంది, చివర ఎంత కుదించినా పల్సు అనుకున్నంత పొట్టిగా రాదు. సమకాలీకరణ కోసం ఇంత పాటు ఎందుకో చెప్పే చోటు ఇదే.

ఒక సందేహం మిగిలింది. నీ వ్యాసంలోని ప్రయోగశాలలో రెండు లేజర్ల మధ్య తేడా "20 ఫెమ్టోసెకన్లు" అని రాశావు. అది ఒక పల్సుకూ మరుసటి పల్సుకూ మధ్య కనిపించే వణుకా, ఉదయం నుంచి సాయంత్రానికి మెల్లగా జరిగిన జరుగుడా? మొదటిదైతే పల్సులు మొదట పుట్టే ఆసిలేటర్ అద్దానికి అమర్చిన పీజో (విద్యుత్తుతో రవ్వంత సాగి ముడుచుకునే పరికరం) దానిని ఎంత వేగంగా సరిదిద్దగలదన్నది ప్రశ్న. రెండోదైతే గది ఉష్ణోగ్రతదే బాధ్యత కావచ్చు. ఎంతసేపటి కొలతల మీద ఆ అంకె వచ్చిందో అక్కడివారిని అడిగి, ఆ వాక్యం సరిచేసి మళ్లీ పంపు.