మీరడగండి: కూలిన టవర్ల దుమ్ములో ఏముంది?

ప్రశ్న: 2001లో న్యూయార్క్‌లో ట్విన్ టవర్స్ కూలాక ఆ దుమ్ముని సైంటిస్టులు ఏళ్ళ తరబడి స్టడీ చేశారంట, దుమ్ములో అంత చూడ్డానికి ఏముంటుందండీ? పైగా అందులో థర్మైట్ (స్టీలుని కూడా కరిగించేంత వేడితో మండే పొడి) దొరికింది, కావాలనే పేల్చేశారు అని మా ఫ్రెండ్స్ గ్రూప్‌లో ఒకటే వీడియోలు. (ఒక పాఠకుడు)

జవాబు: చాలానే ఉంటుందండీ. 110 అంతస్తుల బిల్డింగులు సెకన్లలో నేలమట్టమైతే గోడలు, సీలింగ్, కార్పెట్లు, కాగితాలు, ట్యూబ్‌లైట్లు అన్నీ కలిసి పిండైపోతాయి. మైక్రోస్కోప్ కింద పెడితే సిమెంటు, జిప్సం, కాగితం పీచు, ఇంకా స్లాగ్ ఊల్ అని ఇనుప చిట్టెంతో చేసే గాజులాంటి నార కనిపిస్తాయి. ఆ నార పోగులకి కూడా సిమెంటు పొడి అంటుకుని ఉంటుంది.

అసలు దుమ్ముని ఎక్కడ్నుంచి, ఎప్పుడు తీశారు అన్నదే ముఖ్యం. అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ళు సెప్టెంబర్ 17, 18 తేదీల్లో శాంపిల్స్ తీసేసరికి మధ్యలో వాన పడిపోయింది, కాబట్టి రోడ్డు మీద దుమ్ము కొంత కడుక్కుపోయింది, బిల్డింగుల లోపల పడ్డది మాత్రం తడవకుండా ఉంది. రెండిటినీ నీళ్ళలో కలిపి పీహెచ్ (పులుపు గుణమా, సున్నం గుణమా అని చెప్పే కొలత, 7 దాటితే సున్నం వైపు) చూస్తే లోపలి దుమ్ముది 11 దాటింది, బయటిది అంతకంటే తక్కువ. ఒక్క పాయింట్ తేడా అంటే పది రెట్లు అని గుర్తుపెట్టుకోండి. సిమెంటులో ఉండే సున్నం గుణమే ఇది, గొంతులోకి పోతే మండిపోతుంది. ఇంకో టీమ్ వానకి తడవని మరుగు చోట్ల తీసిన శాంపిల్స్‌లో 2.5 మైక్రాన్లకంటే (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) సన్నవి బరువులో 1-2 శాతమే, మిగతాదంతా ముతకే. మామూలుగా ముతక దుమ్ముని ముక్కే ఆపేస్తుంది కదా, కానీ ఆ మబ్బులో పరిగెడుతూ నోటితో గాలి పీల్చినవాళ్ళకి ఏం ఆపుతుంది? ఫైర్‌మెన్‌కి వచ్చిన దగ్గుకి 2002లో డాక్టర్లు ‘వరల్డ్ ట్రేడ్ సెంటర్ దగ్గు’ అని పేరే పెట్టేశారు.

అప్పట్లో అందరి భయం ఆస్బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులు పాడుచేసే నార) మీదే, ఉంది కూడా, నార్త్ టవర్ కింది అంతస్తుల్లో స్టీలుకి కొట్టారు దాన్ని. కానీ నన్నడిగితే సిమెంటు పొడి గురించి ముందే గట్టిగా చెప్పి ఉండాల్సింది. సెప్టెంబర్ 18నే పర్యావరణ సంస్థ ఈపీఏ హెడ్ గాలి సేఫ్ అనేశారు, అంత మాట అనడానికి అప్పటికి సరిపడా డేటా లేదని 2003లో ఆ సంస్థ సొంత ఇన్‌స్పెక్టర్ జనరలే రిపోర్ట్ రాశారు.

ఇక మీ వీడియోల సంగతి. థర్మైట్‌కి రుజువని చెప్పే సూదిమొనంత ఇనుప పూసలు దొరికిన మాట నిజమే, కానీ పెద్ద మంటల్లో, వెల్డింగ్‌లో, గ్యాస్ కటింగ్‌లో ఇనుము కరిగి గుండ్రంగా గడ్డకట్టడం మామూలే, కాంక్రీట్‌లో కలిపే ఫ్లై యాష్‌లో (బొగ్గు కాల్చాక మిగిలే బూడిదలో) కూడా అలాంటివి ఉంటాయి. థర్మైట్ గోల 2009 నాటి ఒక పేపర్‌ది, ఎరుపు-బూడిద రంగు పెచ్చులు చూపించి అదే థర్మైట్ అన్నారు. వాళ్ళ శాంపిల్స్ మామూలు జనం ఇళ్ళలో దాచుకున్నవి. తర్వాత వేరే ల్యాబ్‌లో అలాంటి పెచ్చుల్ని చూస్తే ఎపాక్సీ (పెయింట్లలో వాడే జిగురు), ఐరన్ ఆక్సైడ్, కెయోలిన్ మట్టి బయటపడ్డాయి గానీ థర్మైట్‌కి కావాల్సిన విడి అల్యూమినియం కనిపించలేదు. అంటే తుప్పు పట్టకుండా వేసే రెడ్ ప్రైమర్ లాంటి పెయింటే అనుకోవచ్చు. స్టీలు బిల్డింగ్ దుమ్ములో ప్రైమర్ పెచ్చులు లేకపోతేనే అనుమానించాలి.

ప్రశ్న: ఆ దుమ్ము పీల్చినవాళ్ళకి ఇప్పటికీ వైద్యం చేయిస్తున్నారా? (ఒక పాఠకురాలు)

జవాబు: చేయిస్తున్నారండీ. 2011 జనవరిలో వీళ్ళ వైద్యం కోసం తెచ్చిన జద్రోగా చట్టం మీద ఒబామా సంతకం పెట్టారు, 2015లో ఆ హెల్త్ ప్రోగ్రామ్‌ని 2090 దాకా పొడిగించారు. ఫైర్‌మెన్‌కే కాదు, శిథిలాలు ఎత్తినవాళ్ళకి, ఆ ఏరియాలో ఉన్నవాళ్ళకి, అక్కడ చదువుకున్న పిల్లలకి కూడా వర్తిస్తుంది.