ఇంకో నెల సిలికాన్ మీదే కూర్చో

అమ్మలూ,

సోలార్ సెల్స్‌కి కొత్త మెటీరియల్ కనిపెడదామని రీసెర్చ్‌లో చేరితే, గైడ్‌గారు నెల రోజులుగా కంప్యూటర్‌లో సిలికాన్ లెక్కల మీదే కూర్చోబెట్టారని కదా నిన్న ఫోన్‌లో నీ గోల. నేనైతే ఇంకో నెల కూర్చోబెట్టేవాణ్ణి.

సిలికాన్ బ్యాండ్ గ్యాప్, అంటే ఎలక్ట్రాన్ విడిపడి కదలడానికి దాటాల్సిన ఎనర్జీ గడప, 1.1 ఎలక్ట్రాన్ వోల్టులని పుస్తకాల్లో ఉంటే, పీబీఈ అనే లెక్క పద్ధతితో నీకు 0.6 వచ్చిందని టెన్షన్ పడ్డావు. అది నీ తప్పు కాదు, ఆ పద్ధతి తీరే అంత. చాలా సెమీకండక్టర్లకు గ్యాప్ తక్కువే చూపిస్తుంది. 1.1 వచ్చి ఉంటేనే నాకు అనుమానం వచ్చేది.

ఇక కె-పాయింట్లు, అంటే స్ఫటికంలో ఎలక్ట్రాన్ల ఎనర్జీని శాంపిల్‌గా లెక్కగట్టే బిందువులు. గుంటూరు మిర్చి యార్డులో చూశావుగా, వ్యాపారి లాటంతా విప్పడు. అక్కడక్కడా టిక్కీ, అదే మిర్చి బస్తా, కోసి గుప్పెడు కాయలు తీసి చూస్తాడు. సరుకంతా ఒకే తీరుగా ఉంటే నాలుగు టిక్కీలు చాలు, కలగలుపైతే ఇంకా కోయాల్సిందే. సిలికాన్ మొదటి రకం, లోహాలు రెండో రకం. కె-పాయింట్ల గ్రిడ్‌ని 4×4×4, 6×6×6, 8×8×8 అలా పెంచుకుంటూ పో. ప్రతిసారీ మొత్తం ఎనర్జీని నోటుబుక్కులో చేత్తో రాసుకో. పరమాణువుకి ఒక మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టు తేడా కూడా రావడం లేదంటే ఆపెయ్. కటాఫ్, అంటే లెక్కలో ఎంత ఎనర్జీ దాకా తరంగాల్ని తీసుకోవాలనే హద్దు, దాన్ని కూడా ఇలాగే చూసుకోవాలి.

నా భాగోతం ఒకటి చెప్తా, మీ అమ్మకి కూడా తెలీదు. సీసం ఉన్న పెరోవ్‌స్కైట్ రకం సోలార్ మెటీరియల్, మిథైల్ అమోనియం లెడ్ అయోడైడ్ మీద పని చేస్తున్నా. గ్యాప్ 1.6 వచ్చింది. ప్రయోగంలోనూ అంతే! ల్యాబంతా పూతరేకులు పంచా. మర్నాడు ఒక సీనియర్ వచ్చి, "స్పిన్ ఆర్బిట్ పెట్టావా?" అన్నాడు. పెట్టలేదు. ఎలక్ట్రాన్ స్పిన్‌కీ, దాని కక్ష్య కదలికకీ ఉన్న లంకె అది. సీసం లాంటి బరువైన పరమాణువుకి అది లేకుండా ఎలా? పెట్టి మళ్లీ నడిపితే గ్యాప్ దాదాపు ఒక ఎలక్ట్రాన్ వోల్టు పడిపోయింది. పీబీఈ తగ్గించిందీ, నేను వదిలేసిందీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఒప్పులా కనబడ్డాయన్నమాట. డబ్బాలో ఇంకా నాలుగు పూతరేకులు మిగిలే ఉన్నాయి, ముట్టుకోబుద్ధి కాలేదు.

పెద్ద సెల్, అంటే లెక్కలో ఎక్కువ పరమాణువులున్న నమూనా, దాని జోలికి ఇప్పుడే పోకు. పరమాణువులు రెట్టింపైతే టైము ఎనిమిదింతలవుతుంది. అసలే బెజవాడ ఎండలు, నీ ల్యాప్‌టాప్ ఉడికిపోతుంది.

ఆదివారం బ్రాడీపేట రా, అత్తయ్య గోంగూర పచ్చడి పెట్టింది. ల్యాప్‌టాప్ అక్కర్లేదు, ఆ నోటుబుక్కు తెచ్చుకో.

మామయ్య