ఇంట్లో గలగల.. క్లాసులో మౌనం: మా పాపకు మందులు వాడాలా?

ప్రశ్న: మా పాపకు 11 ఏళ్లు. ఇంట్లో, స్నేహితులతో గలగలా మాట్లాడుతుంది. క్లాసులో మాత్రం జవాబు తెలిసినా చెయ్యెత్తదు. టీచర్ లేపి అడిగితే తల దించుకుని నిలబడుతుందట. ఇదేమైనా జబ్బా? మందులు వాడాలా? - ఒక తల్లి

జవాబు: కంగారు పడకండి. మీరు రాసినదాన్ని బట్టి మందులు అవసరమయ్యే సమస్యలా లేదు. కొందరు పిల్లల స్వభావమే తక్కువ మాట్లాడడం. దాన్ని మార్చనక్కర్లేదు. జవాబు తెలిసీ చెప్పలేకపోవడమే మనం పట్టించుకోవాల్సింది.

అందరూ చూస్తుండగా పేరు పిలవగానే ఇలాంటి పిల్లల్లో అడ్రినలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. గుండె దడదడలాడుతుంది, నోరెండిపోతుంది. అప్పటిదాకా గుర్తున్న జవాబు కూడా ఆ టెన్షన్‌లో నోటికి రాదు. ఇది మొండితనం కాదు. ‘గట్టిగా చెప్పు’ అని గద్దిస్తే భయం ఇంకా పెరుగుతుంది. బంధువుల ముందు ‘మా అమ్మాయికి సిగ్గెక్కువ’ అనడం కూడా దయచేసి మానేయండి. పిల్లలు ఆ మాటే నమ్మేస్తారు.

పాప లేనప్పుడు టీచర్‌తో మాట్లాడండి. ప్రశ్న అడిగాక టీచర్లు సాధారణంగా ఒక సెకనుకు మించి ఆగడం లేదని, 3 సెకన్లు ఆగితే ఎక్కువమంది పిల్లలు, మరింత వివరంగా జవాబిస్తారని అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే గమనించారు. మీ పాపకు కావాల్సింది ఆ కాస్త వ్యవధే. ముందు నోట్‌బుక్‌లో రాసుకోనివ్వాలి, పక్కనున్న అమ్మాయికి చెప్పనివ్వాలి, ఆ తర్వాతే క్లాసు ముందు అడగాలి. ‘రేపు మూడో ప్రశ్న నిన్నే అడుగుతా’ అని ముందురోజే చెబితే ఇంకా మంచిది. మొదట్లో రాసుకున్న ఒక్క వాక్యం చదివినా చాలు. చెప్పగానే చప్పట్లు కొట్టించొద్దనండి, మళ్లీ అందరి చూపూ తన మీదే పడుతుంది. తర్వాత పక్కకు పిలిచి ‘బాగా చెప్పావు’ అంటే సరిపోతుంది. మీరూ రోజూ ‘ఇవాళ మాట్లాడావా?’ అని ఆరా తీయకండి.

ఒకసారి వినికిడి పరీక్ష చేయించండి. నత్తి ఉందేమో, ఎవరైనా ఎగతాళి చేస్తున్నారేమో నెమ్మదిగా కనుక్కోండి.

ఇంట్లో మామూలుగా మాట్లాడుతూ, బడిలో నెల దాటినా ఎవరితోనూ నోరు విప్పని పిల్లలుంటారు. అది సెలెక్టివ్ మ్యూటిజం అనే ఆందోళన సమస్య కావచ్చు. ఎక్కువగా 5 ఏళ్లలోపే మొదలై, బడిలో చేరాక బయటపడుతుంది. బిహేవియర్ థెరపీతో (భయాన్ని మెల్లమెల్లగా పోగొట్టే, మందుల్లేని చికిత్స) చాలామందిలో తగ్గుతుంది. మీ పాపకు ఆ లక్షణాలు కనిపించడం లేదు. బడికి వెళ్లే ముందు తరచూ కడుపునొప్పి అంటున్నా, ఇదివరకు క్లాసులో మాట్లాడే పిల్ల ఈమధ్యే ఇలా మారినా మాత్రం ఆలస్యం చేయకుండా పిల్లల సైకాలజిస్టుకు చూపించండి.